పాత జర్మన్ కారు కొంటున్నారా? ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి

కారు చూడటానికి వస్తున్నానని ఫోనులో చెప్పేటప్పుడు అమ్మేవారిని ఒక్కటే అడుగుతాను: "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి." వెళ్లగానే రంగూ సీట్లూ చూడను. బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాను.

మూడేళ్ల క్రితం ఒక పెద్దాయన ఇంటి ముందు అలా చెయ్యి పెడితే సెగ తగిలింది. "కడగడానికి ఇప్పుడే బయటికి తీశానండీ" అన్నారు. కారు మీద నీటిచుక్క లేదు, దుమ్ము ఉంది. మర్నాడు తెల్లవారుతుండగానే మళ్లీ వెళ్లాను. స్టార్ట్ చేయగానే రేకు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగలమంది. మూడు సెకన్లు, అంతే. తరువాత ఏమీ ఎరగనట్టు సద్దుమణిగింది. దండం పెట్టి వచ్చేశాను.

ఆ చప్పుడు, పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా లయలో కదిలేలా చూసే గొలుసు, అంటే టైమింగ్ చెయిన్‌ది. చెయిన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా కదలకుండా ఉంటే ఆయిల్ కిందికి దిగిపోతుంది కాబట్టి, అరిగిన చెయిన్ పొద్దున్నే దొరికిపోతుంది. ఇంజిన్ వేడెక్కిందంటే మళ్లీ వినపడకపోవచ్చు. 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లోనైతే ఈ చెయిన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ గానీ ఇంజిన్ గానీ దించక తప్పదు. తెగేదాకా ఆగితే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజినే పోతుంది.

మీటరులో తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. ప్రతి సర్వీసుకూ బిల్లు ఉన్న 1,60,000 కిలోమీటర్ల కారునే నేను కొంటాను, కాగితం ముక్క లేని 60,000 కిలోమీటర్ల కారును కాదు. బ్రేకు పెడల్ రబ్బరు గీతలు పోయి నున్నబడి ఉంటే, మీటరు 40,000 అంటున్నా నమ్మను. కారు కంప్యూటర్లను చదివే స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఈ కార్లలో కిలోమీటర్లు చాలావరకు ఒక్క మీటరులోనే కాక వేరే కంప్యూటర్లలోనూ నమోదవుతాయి. మీటరు వెనక్కి తిప్పినవారు తరచూ అన్నిచోట్లా తిప్పరు. స్కానర్‌లో లోపాల జాబితా ఖాళీగా ఉన్నా ఇంకొకటి అడగండి: కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయినట్టు చూపిస్తోందా? చాలావరకు పూర్తికాలేదంటే, మీరు రావడానికి కాస్త ముందే ఎవరో ఆ లోపాల జాబితా చెరిపి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చు.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ నాలుగు రకాలైతే, కంటికి కనపడని భాగాలకు ఆ యజమాని ఎంత ఖర్చు పెట్టి ఉంటారో ఊహించుకోండి.

కొన్న తరువాత ఆయిల్ విషయంలో మొండిగా ఉండండి. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఆయిల్ చిక్కదనం ఉంటే సరిపోదు. మీ కారు పుస్తకం అడిగే ఆమోదం, అంటే బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, ఫోక్స్‌వ్యాగన్ 507 00, మెర్సిడెస్ 229.51 వంటిది, ఆ డబ్బా మీద ఉండాలి. డీజిల్ కారు పొగగొట్టంలోని ఫిల్టర్ తొందరగా బూడిదతో పూడిపోకుండా ఉండేది ఇలాంటి ఆయిల్‌తోనే. కంప్యూటర్ ఇంకా సమయం ఉందని చూపించినా నేను 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చేస్తాను. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. చాలా బీఎండబ్ల్యూల్లో కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి కారు కంప్యూటర్‌లో నమోదు చేయించాలి. లేకపోతే పాత బ్యాటరీకి చేసినట్టే దీనికీ ఛార్జింగ్ చేస్తుంది.

నెలకోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ డబ్బా అతుకుల వెంట టార్చి వేసి చూడండి. ఎండిన ఉప్పులా పొరకట్టి ఉంటే సన్నగా కారుతున్నట్టే. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. దారిలో పగిలేదాకా ఆగకుండా మార్చేయండి.

అందరూ వదిలేసేది గేర్‌బాక్స్ ఆయిల్. జీవితాంతం మార్చనక్కర్లేదని మీకూ చెబుతారు. ఎన్నో జర్మన్ కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. ఫోక్స్‌వ్యాగన్ ఆరు గేర్ల తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్) ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీకి అయితే 60,000కే. అప్పగించే ముందు మెకానిక్‌ను ఆయిల్ మట్టం ఎలా చూస్తారని అడగండి. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ ఆ గేర్‌బాక్స్‌కు చెప్పిన వేడికి వచ్చాక చూస్తామనాలి. తడుముకుంటే తాళాలు వెనక్కి తీసుకోండి.