రేంజ్‌లో బాగా తగిలే బంతి కోర్సులో ఎందుకు పోదు?

ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ వారానికి గంటో గంటన్నరో మాత్రమే గోల్ఫ్‌కి ఇవ్వగలిగేవాళ్ల కోసం రాస్తున్నాను. రేంజ్ అంటే సాధన చేసే చోటు, కోర్సు అంటే ఆట ఆడే మైదానం. క్లబ్ పట్టుకోవడం, నిలబడటం వచ్చనే అనుకుంటున్నాను. చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్లకు. ఎడమచేతి వాళ్లు కుడిఎడమలు మార్చి చదువుకోండి.

సమస్య: బంతి ప్రతిసారీ కుడికి వంగిపోతోంది

స్వింగ్ మార్చకండి, కొత్త డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) కొనకండి. ముందు ఒక క్లబ్‌ని కాలివేళ్లకు ఆనించి నేల మీద పెట్టి, వెనక్కి వెళ్లి అది ఎటు చూస్తోందో చూడండి. ఈ ఒక్క పని చేయమంటే చేసేవాళ్లు పెద్దగా కనిపించరు. బంతి కుడికి పోతోంది కదా అని, తమకు తెలియకుండానే ఎడమకు తిరిగి నిలబడతారు. దాంతో క్లబ్ ఇంకా అడ్డంగా కోస్తుంది, వంపు ఇంకా పెరుగుతుంది. కాళ్లు, భుజాలు సరిగ్గా ఉన్నాయంటే అప్పుడు గ్రిప్ (క్లబ్ పట్టుకున్న తీరు) చూడండి. పైనుంచి చూస్తే ఎడమ చేతి మెటికలు కనీసం రెండు కనబడాలి. ఒకటే కనబడుతుంటే చేతిని కాస్త కుడివైపుకు తిప్పి పట్టుకోండి.

సమస్య: రేంజ్‌లో అద్భుతంగా ఆడుతున్నాను, కోర్సులో ఐరన్ (పలకలాంటి ముఖం ఉన్న క్లబ్) షాట్లు సగం దూరం కూడా పోవడం లేదు

దీనికి అందరూ చెప్పుకునే కారణం టెన్షన్. చాలాసార్లు అది కాదు, కారణం రేంజ్‌లో మీ కాళ్ల కింద, బంతి కింద పరిచిన మ్యాట్.

క్లబ్ బంతికి రెండంగుళాల వెనకే నేలను తాకిందనుకోండి. మ్యాట్ మీదైతే క్లబ్ అడుగుభాగం జారుకుంటూ వచ్చి బంతిని తాకుతుంది. చప్పుడు బాగానే ఉంటుంది, బంతి కూడా లేస్తుంది. అదే స్వింగ్ గడ్డి మీద వేస్తే క్లబ్ మట్టిలో దిగబడుతుంది, బంతి నాలుగడుగుల్లో ఆగిపోతుంది. వానాకాలంలో నేల మెత్తబడితే మరీ ఘోరం. అంటే తప్పు మొదటినుంచీ ఉంది, మ్యాట్ దాన్ని దాచిపెట్టింది. దాని మీద ఎన్ని బకెట్ల బంతులు కొడితే తప్పు అంత గట్టిపడుతుంది. తక్కువ సమయం ఉన్నవాళ్లకు ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

తేల్చుకోవడం తేలిక. చిన్న తువ్వాలు మడిచి బంతికి వెనక బెత్తెడు దూరంలో వేయండి. తొమ్మిదో ఐరన్‌తో సగం స్వింగ్ వేయండి. తువ్వాలు కదిలిందా, ఆ షాట్ ఎంత దూరం పోయినా లెక్కలోకి రాదు.

కదులుతోందంటే మూడు చూడాలి. బంతి మరీ ఎడమ కాలి దగ్గర ఉందా? ఈ క్లబ్‌కి అది పాదాల మధ్యన ఉంటే చాలు. స్వింగ్ ముగిసేసరికి బరువు ఎడమ కాలి మీదికి వచ్చిందా? కుడి మడమ నేలకు అతుక్కునే ఉంటే రాలేదన్నమాట. మూడోది, అసలు జబ్బు: బంతిని పైకి ఎత్తాలనే ఆత్రం. ఐరన్ ముఖం ఏటవాలుగా ఉండేది అందుకే. ఎత్తే పని దానిది. మీరు కిందికే కొట్టండి.

వారం మధ్యలో రేంజ్‌కి వెళ్లలేకపోతే రాళ్లు లేని ఖాళీ గడ్డిలో ముగ్గుపిండితో మూరెడు గీత గీయండి. గీత బంతి ఉన్న చోటు అనుకుని, దానికి ఎదురుగా నిలబడి, బంతి లేకుండానే స్వింగ్ వేయండి. మట్టి గీత దగ్గరగానీ, గీత దాటి లక్ష్యం వైపుగానీ లేవాలి. గీత వెనక లేస్తే క్లబ్ ముందే దిగినట్టు. పది నిమిషాలు చాలు. ఈ పరీక్షలో తప్పును దాచిపెట్టడానికి మ్యాట్ ఉండదు.

సమస్య: గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద ప్రతి హోల్‌కీ మూడు పట్‌లు (బంతిని దొర్లించే దెబ్బలు)

మీటరు దూరం నుంచే సాధన చేస్తుంటారు. మొదటి పట్ పది మీటర్ల నుంచి వస్తే బలం అంచనా తప్పుతుంది. పార్ (హోల్‌కి నిర్ణయించిన దెబ్బలు) లెక్కలో హోల్‌కి రెండు పట్‌లు ఉంటాయి, 18 హోల్స్‌కి 36. గంటలో ఇరవై నిమిషాలు దూరం పట్‌లకే ఇవ్వండి. బంతి లోపల పడాల్సిన పని లేదు, హోల్‌కి మీటరులోపు ఆగితే చాలు.

ఇక షాఫ్ట్ (క్లబ్ కర్ర) మెత్తదా గట్టిదా, బంతి ఏ బ్రాండ్, క్లబ్ పొడవు సరిపోయిందా అన్నవి మామూలు ఎత్తు ఉన్నవాళ్లు కొన్నాళ్లు పక్కన పెట్టొచ్చు. క్లబ్ పిడికి ఉండే తొడుగులు (వీటినీ గ్రిప్‌లే అంటారు) చెమటకు గట్టిపడి జారుతుంటే మాత్రం మార్చేయండి. స్వింగ్ వేస్తే నడుము నొప్పి వస్తుంటే ఇవన్నీ ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.