గ్యాస్ గీజరా? వెంటిలేటర్‌కి అట్ట పెట్టకండి

గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలోకి స్నానానికి వెళ్ళినవాళ్ళు లోపలే పడిపోయారన్న వార్త బెంగళూరులో చలి మొదలవగానే వినబడుతుంది. ఈసారీ వినబడింది. రెగ్యులేటర్, పైపు, లీకేజీ సంగతులు మీకు తెలిసినవే. మనుషుల్ని ముంచేది వేరే ఉంది: చలిగాలి కొడుతోందని వెంటిలేటర్‌కి అట్టముక్కో థర్మకోలో అడ్డం పెట్టడం.

లెక్క వేసి చూడండి. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 కిలోజౌళ్ళు కావాలి. నిమిషానికి 6 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీలు వేడెక్కాలంటే 6 × 4.18 × 25, అంటే 627 కిలోజౌళ్ళు. వృథా పోయేదీ కలుపుకుంటే సుమారు 16 గ్రాముల గ్యాస్. దాన్ని వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ అనుకుందాం. 58 గ్రాములకు 208 గ్రాముల ఆక్సిజన్ కావాలి కాబట్టి 16కి 57 గ్రాములు, అంటే దాదాపు 44 లీటర్లు. 5×7 అడుగుల బాత్రూంలో, 8 అడుగుల ఎత్తున, ఉన్న ఆక్సిజనే 1,660 లీటర్లు. గాలి ఆడకపోతే పది నిమిషాల్లో నాలుగో వంతు హరీ. సిలిండర్ మాత్రం నిండుగానే ఉంటుంది. అందుకే గ్యాస్ ఎంతుందో చూసి వేడి లెక్కగట్టకూడదు, ముందు తరిగిపోయేదాన్ని, అంటే ఆక్సిజన్‌ని, చూసి కట్టాలి.

ఆక్సిజన్ చాలితే మోల్ బ్యూటేన్‌కి, అంటే ఆ 58 గ్రాములకి, 2,878 కిలోజౌళ్ళ వేడి (పుట్టిన నీరు ద్రవంగా లెక్కేస్తే). అందులోని కార్బన్ అంతా డయాక్సైడ్ దాకా పోకుండా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు దగ్గరే ఆగితే, మోల్ మోనాక్సైడ్‌కి 283 చొప్పున 4 × 283 పోయి 1,746 మిగులుతాయి. అంతదాకా రానక్కర్లేదు. గాలిలో ఆక్సిజన్ కాస్త తగ్గగానే మంట సరిగా మండదు, మోనాక్సైడ్ మొదలవుతుంది. దానికి రంగూ వాసనా లేవు. గ్యాస్‌కి కలిపే ఘాటు వాసన లీకేజీని పట్టిస్తుంది గానీ దీన్ని కాదు.

నీళ్ళు వేడెక్కట్లేదని నాబ్ పెంచకండి. ఆక్సిజన్ లేనిచోట ఇంకాస్త గ్యాస్ పోసినట్టే.

గీజర్‌ని బాత్రూం బయట, యుటిలిటీలో పెట్టించండి. అదీ గ్రిల్ తెరిచి ఉన్నదైతేనే. ఓనర్ ఒప్పుకోకపోతే బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, తలుపు తీసి ఉంచి, గాలి మారాకే లోపలికి వెళ్ళండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందని ధీమా వద్దు, గాలి లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి. ఒకరి తర్వాత ఒకరు వరసగా స్నానాలు చేయకండి. లోపల గడియ పెట్టకండి. మంట పసుపుగా ఉన్నా మసి పట్టినా వాడకండి, సర్వీసు చేయించండి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం అనిపిస్తే ఒళ్ళు కడుక్కునేదాకా ఆగకండి, బయటికి రండి. ఎవరైనా పడిపోతే గ్యాస్ కట్టేసి, ఆరుబయటికి లాగి, 108కి ఫోన్ చేయండి. ఆ అట్టముక్క ఇవాళే పీకేయండి.