భూటాన్ వెళ్లేముందు: పర్మిట్ నుంచి తక్త్సాంగ్ మెట్ల దాకా

ముందు పర్మిట్‌కు కావాల్సిన కాగితాలు. ఆధార్, పాన్ కార్డులతో భూటాన్‌లోకి రానివ్వరు. పెద్దవాళ్లకు ఆరు నెలల గడువు మిగిలిన పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ ఉండాలి. జిరాక్సు చాలదు, ఒరిజినలే కావాలి. పిల్లలకు పాస్‌పోర్టు లేకపోతే ఇంగ్లిషు వివరాలున్న జనన ధ్రువపత్రం పట్టుకెళ్లండి.

సుస్థిరాభివృద్ధి రుసుము అక్కడ గడిపే ప్రతి రాత్రికీ కట్టాలి. భారతీయులకు తలకు 1,200 రూపాయలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అందులో సగం, ఆరేళ్ల లోపు పిల్లలకు ఏమీ లేదు. దంపతులు ఎనిమిదేళ్ల పాపతో ఐదు రాత్రులుంటే 15,000 అవుతుంది. హోటల్, కారు, గైడు ఖర్చులు దీనికి అదనం. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా భారతీయుల రేటు వర్తించదు. వాళ్లకు వీసా తప్పనిసరి, రుసుము రాత్రికి 100 డాలర్లు. ఈ డబ్బును బేరమాడి తగ్గించుకునే ప్రవేశ రుసుములా చూడకండి. ఉచిత వైద్యానికీ, చదువుకూ, అడవుల రక్షణకూ వెళ్లేది ఇదే. దేశంలో 60 శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలని వాళ్ల రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

జూన్ నుంచి ఆగస్టు దాకా కొండచరియలు విరిగిపడి సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ నుంచి రాజధాని థింఫూకు వెళ్లే రోడ్డు మూసుకుపోతుంటుంది. రోడ్డున వెళ్లేవాళ్లకు మార్చి–మే, లేదా అక్టోబరు–నవంబరు మేలు.

అసలు జాగ్రత్త ఎత్తు విషయంలో. ఫుంట్‌షోలింగ్ సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటే థింఫూ 2,300 మీటర్ల పైన ఉంది. అంటే ఒక్క పగటి ప్రయాణంలో రెండు వేల మీటర్లు ఎక్కేస్తాం. విజయవాడ ఎండ నుంచి వెళ్లిన మనిషి మర్నాడే పారో దగ్గర కొండ అంచున ఉన్న తక్త్సాంగ్ బౌద్ధ మఠానికి (3,120 మీటర్లు) ఎక్కితే తలనొప్పి, వాంతులు పట్టుకోవడంలో వింత లేదు. థింఫూ, పునాఖా చూసుకుని తక్త్సాంగ్‌ను చివరికి పెట్టుకోండి. పునాఖా 1,200 మీటర్లే కాబట్టి అక్కడ నిద్ర బాగా పడుతుంది. తలనొప్పితో పాటు వాంతి, నడకలో తూలు కనిపిస్తే మాత్ర వేసుకుని ముందుకు నడవకండి. వెంటనే కిందికి దిగాలి. గుండె జబ్బు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు టికెట్లు కొనకముందే డాక్టరును అడగాలి.

తక్త్సాంగ్‌కు ఉదయం ఎనిమిదింటికల్లా బయల్దేరండి. టికెట్ కింద కార్లు ఆగేచోటే తీసుకోవాలి, పైన దొరకదు. గుర్రాలు సగం దారిలోని టీ కొట్టు దాకే వెళ్తాయి. దిగేటప్పుడు ఎక్కనివ్వరు. వాన పడితే ఎర్రమట్టి జారుతుంది, చెప్పులు, మెత్తటి అడుగున్న బూట్లు పనికిరావు. గుడి ఎదురుగా కనబడ్డాక కూడా వందల మెట్లు జలపాతం దగ్గరికి దిగి, మళ్లీ వందల మెట్లు ఎక్కాలి. ‘వచ్చేశాం’ అనుకుని అక్కడే నీళ్లన్నీ తాగేస్తారు చాలామంది. తిరుగుదారిలో మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి కాబట్టి ఒక్కొక్కరికి లీటరున్నర నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లం, మోకాళ్ల కోసం ఒక చేతికర్ర ఉండాలి. ఫోను, కెమెరా, బ్యాగు లోపలికి తేనివ్వరు.

జోంగ్‌లకూ (కోటల్లాంటి మఠాలు) గుళ్లకూ నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. టోపీ తీసేయాలి. లోపల నేల చల్లగా ఉంటుంది, మందపాటి మేజోళ్లు మరవద్దు. చోర్టెన్ (బౌద్ధ స్తూపం) చుట్టూ మన ప్రదక్షిణలాగే కుడివైపుగా తిరగాలి. దాని మీద కూర్చోవద్దు, ఎక్కవద్దు. 2019లో దోచులా కనుమలో మన దేశస్థుడొకరు చోర్టెన్ ఎక్కి ఫొటో దిగితే భూటాన్ మొత్తం నొచ్చుకుంది. కుంకుమ చల్లడం, కొబ్బరికాయ కొట్టడం అక్కడి పద్ధతి కాదు. చిన్న నోటొకటి సమర్పిస్తే చాలు. త్సెచు అనే బౌద్ధ ఉత్సవాల్లోని ముసుగు నాట్యం పూజే, ఫొటో కోసం బరిలోకి అడుగు పెట్టకండి. ఇళ్ల గోడల మీద కనిపించే పురుషాంగ చిత్రాలు చెడును దూరం పెట్టే రక్షణ గుర్తులు. వాటిని చూసి నవ్వితే ఇంటివాళ్లు బాధపడతారు. ఆ మాట పిల్లలకు ఇక్కడే చెప్పి తీసుకెళ్లండి.

ప్లాస్టిక్ సంచులను భూటాన్ 1999లోనే నిషేధించింది. జంతికలు, పులిహోర స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి. కొండ మీద మిగిలిన చెత్తంతా మీ సంచిలోనే కిందికి రావాలి. అంబులెన్సుకు 112, పోలీసులకు 113.

విమానాశ్రయం ఉన్న పారోలో విమానాలు పగటిపూట, దారి కంటికి కనబడితేనే దిగుతాయి. మబ్బు కమ్మితే ఆలస్యం, ఒక్కోసారి రద్దు. అందుకే తిరుగు ప్రయాణంలో కోల్‌కతా లేదా ఢిల్లీ నుంచి హైదరాబాద్ టికెట్ అదే సాయంత్రానికి కాకుండా మర్నాటికి తీసుకోండి. అక్కడి గడియారం మనకంటే అరగంట ముందుంటుంది.