సర్వర్‌కి యూపీఎస్ – 3వ భాగం: ఎన్ని నిమిషాలు ఉండగా ఆపాలి

పోయిన భాగంలో ఏపీసీ కంపెనీ యూపీఎస్‌కి యూఎస్‌బీ కేబుల్ పెట్టి, ఉబుంటు లినక్స్‌లో ఏపీసీయూపీఎస్‌డీ (యూపీఎస్‌ని కనిపెట్టుకుని ఉండి, అవసరమైతే సర్వర్‌ని ఆపే ప్రోగ్రామ్) ఎక్కించి, ఏపీసీయాక్సెస్ అనే కమాండ్ కొడితే స్టేటస్ ఆన్‌లైన్ అని వచ్చేదాకా చేశాం కదా. ఇంకా కమ్‌లాస్ట్ (అంటే యూపీఎస్‌తో మాట కలవట్లేదు) అనే వస్తుంటే ఆ ప్రోగ్రామ్ కాన్ఫిగ్ ఫైల్లో డివైస్ లైన్ చూడండి, యూఎస్‌బీ అయితే డివైస్ అనే పదం తర్వాత ఏమీ ఉండకూడదు, పాత సీరియల్ పోర్ట్ పేరు మిగిలిపోయి ఉంటే యూపీఎస్ దొరకదు. కేబుల్ కూడా డబ్బాలో ఇచ్చిందే వాడండి, యూపీఎస్ వెనక సాకెట్ లాన్ సాకెట్‌లాగే కనిపిస్తుంది గానీ దాంట్లో పిన్నులు 10.

ఇవాళ అసలు పని. అదే ఫైల్లో మూడు అంకెలు ఉంటాయి, బ్యాటరీలెవెల్ 5, మినిట్స్ 3, టైమవుట్ 0. కరెంట్ పోయాక చార్జ్ 5 శాతానికి దిగినా, ఇంకో 3 నిమిషాలే వస్తుందని యూపీఎస్ లెక్క తేల్చినా, ఏది ముందు జరిగితే దానికి షట్‌డౌన్ మొదలవుతుంది. టైమవుట్ అంటే బ్యాటరీ మీద ఎన్ని సెకన్లు ఉండనివ్వాలని, 0 పెడితే దాన్ని పట్టించుకోదు.

వీటిని ఉన్నవి ఉన్నట్టు మాత్రం వదిలేయకండి. నేను వదిలేశా. బ్యాటరీకి మూడేళ్లు దాటాయి, ఎండాకాలం మధ్యాహ్నం కరెంట్ పోయింది, చార్జ్ ఇంకా 60 పైనే చూపిస్తోంది, చూస్తుండగానే టప్‌మని మొత్తం ఆగిపోయింది. డేటాబేస్ తనంతట తాను కోలుకుంది, బ్యాకప్ డిస్క్‌లో ఫైల్‌సిస్టమ్ మాత్రం పాడై రెండు రోజులు దానితోనే సరిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ముసలిదయ్యాక అంతే, లోడ్ పడగానే వోల్టేజ్ పడిపోతుంది, స్క్రీన్ మీద కనిపించే శాతం ఒక అంచనా మాత్రమే.

అందుకే ముందు మీ సర్వర్ ఆగడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. పవరాఫ్ కొట్టిన దగ్గర్నుంచి ఫ్యాన్ ఆగేదాకా. మాది మూడు వర్చువల్ మెషీన్లతో (సర్వర్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్లు) 2 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. ఒక్క సర్వీస్ మొండికేసినా, ఉబుంటులో సర్వీసుల్ని నడిపి ఆపే సిస్టమ్‌డీ మామూలుగా దాని కోసం 90 సెకన్లు ఆగుతుంది, అది కూడా కలుపుకుంటే 3 నిమిషాలు ఎక్కడ సరిపోతాయి? నేను మినిట్స్ 8, బ్యాటరీలెవెల్ 40 పెట్టుకున్నా. పాత బ్యాటరీ అయితే ఇంకా పెంచండి, కరెంట్ లేనప్పుడు సర్వర్ పది నిమిషాలు ఎక్కువ నడవడం కన్నా శుభ్రంగా ఆగడం ముఖ్యం.

ఇంట్లో ఇన్వర్టర్ ఉండి దాని లైన్‌లోనే యూపీఎస్ పెట్టినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, కరెంట్ పోయినట్టు యూపీఎస్‌కి తెలీదు, ఇన్వర్టర్ కూడా చచ్చాకే తెలుస్తుంది, అప్పుడు మీ చేతిలో ఉండేది యూపీఎస్ సొంత బ్యాటరీ ఒక్కటే.

ఇక టెస్ట్. టైమవుట్ 30 పెట్టి ఏపీసీయూపీఎస్‌డీ సర్వీస్ రీస్టార్ట్ చేయండి, ముఖ్యమైనవన్నీ ముందే ఆపేయండి. ప్లగ్ పీకొద్దు, గోడ మీద స్విచ్ ఆపండి, అలా చేస్తే ఎర్త్ తెగదు. యూపీఎస్ బీప్ అంటుంది, కాసేపటికి టెర్మినల్లో మెసేజ్ పడుతుంది, ముప్పై సెకన్లు దాటాక షట్‌డౌన్ మొదలవుతుంది. తర్వాత లాగ్స్ ఫోల్డర్లో ఈవెంట్స్ ఫైల్ తెరిచి టైములు చూసుకోండి, టైమవుట్ మళ్లీ 0 చేసి ఇంకోసారి రీస్టార్ట్ చేయడం మర్చిపోకండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, మిగిలింది ఇంకోటి ఉంది. సర్వర్ ఆగిపోయాక యూపీఎస్‌లో ఇంకా కొంచెం చార్జ్ ఉంది, ఈలోపు కరెంట్ వచ్చేసింది అనుకోండి. సర్వర్‌కి సప్లై అసలు తెగనే లేదు, కాబట్టి బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవ్వగానే వచ్చే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) కరెంట్ రాగానే ఆన్ అవ్వాలని పెట్టుకున్నా ఉపయోగం లేదు, ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా అలాగే పడి ఉంటుంది. దీనికోసమే ఏపీసీయూపీఎస్‌డీలో కిల్‌పవర్ ఉంది, షట్‌డౌన్ చివర్లో, డిస్కులన్నీ సిస్టమ్ నుంచి విడిపోయాక (అన్‌మౌంట్ అయ్యాక), యూపీఎస్‌కి నీ అవుట్‌పుట్ కూడా ఆపెయ్ అని చెప్తుంది. కరెంట్ వచ్చాక యూపీఎస్ సప్లై మళ్లీ ఇస్తుంది, సర్వర్ లేస్తుంది. అన్ని మోడళ్లూ ఈ మాట వినవు, అందుకే పైన చేసిన టెస్ట్‌లో సర్వర్ ఆగాక యూపీఎస్ కూడా ఆగిందో లేదో అక్కడే నిలబడి చూడండి. ఆగితే గోడ స్విచ్ వేసి, చేయి పెట్టకుండా సర్వర్ తనంతట తాను లేచిందో లేదో చూడండి. లేవకపోతే బయోస్‌లో ఆ సెట్టింగ్ పవరాన్‌కి మార్చి మళ్లీ మొదట్నుంచి చేయండి.

వచ్చే భాగంలో ఒకే యూపీఎస్ మీద రెండు సర్వర్లు, కేబుల్ లేని రెండోదానికి నెట్‌వర్క్‌లో 3551 పోర్ట్ ద్వారా కబురు ఎలా పంపాలో.