కొత్తగా చేరినవాళ్లకు చెప్పకండి, చేసి చూపించండి

డైరెక్ట్ సెల్లింగ్‌లో, అంటే కంపెనీ వస్తువులు దుకాణం లేకుండా నేరుగా మనుషులకు అమ్మే పనిలో, టీమ్‌లోకి ఎవరైనా కొత్తగా రాగానే చాలామంది అప్‌లైన్లు, అంటే వాళ్లను చేర్పించినవాళ్లు, చేసే పని ఒకటే. వాట్సాప్ గ్రూపులో కలిపేసి, నాలుగు వీడియో లింకులు పంపి, ఆదివారం జూమ్ మీటింగ్‌కి రమ్మంటారు. నెల తిరక్కుండానే ఆ మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తే "కమిట్‌మెంట్ లేదండీ" అనేస్తారు. ఇది అన్యాయం. అమ్మడం ఎలాగో ఒక్కసారైనా చూపించకుండా అప్పుడే డిగ్రీ అయిన కుర్రాడిని చుట్టాల ఇళ్లకు పంపిస్తే అతను మాత్రం ఏం చేస్తాడు?

మొదటి వారం క్లాసులు పెట్టకండి, మీతో పాటు తిప్పండి. మీ సొంత కస్టమర్ల దగ్గరికి తీసుకెళ్లండి, అంటే టీమ్‌లో చేరకుండా సబ్బో టూత్‌పేస్టో నచ్చి మళ్లీ మళ్లీ కొనేవాళ్ల దగ్గరికి. అలాంటివాళ్లు మీకు పదిమంది కూడా లేకపోతే ముందు వాళ్లను సంపాదించుకోండి, ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం.

వెళ్లే ముందు ఫోన్ కూడా కొత్తవాళ్ల ఎదుటే చేయండి. "అక్కా, రేపు సాయంత్రం ఐదింటికి రావచ్చా, మా కంపెనీ వస్తువులు చూపిస్తాను, నచ్చితేనే తీసుకోండి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇది మర్యాద ఒక్కటే కాదు, 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ ప్రకారం ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోకుండా, ఐడీ కార్డు లేకుండా కస్టమర్ ఇంటికి వెళ్లకూడదు. మీరు "ఓ మంచి అవకాశం ఉంది, వచ్చాక చెప్తా" అని దాచిపెట్టి పిలిస్తే కొత్తవాళ్లూ అలాగే పిలుస్తారు, ఇక వాళ్ల మేనమామ కూడా వాళ్ల ఫోన్ ఎత్తడు.

అన్నిటికంటే ముఖ్యంగా వాళ్లు చూడాల్సింది మీకు "వద్దు" అని చెప్పినప్పుడు మీరు ఎలా ఉంటారన్నది. కొత్తవాళ్ల టెన్షన్ అంతా దాని గురించే. అందుకే ఖాయంగా కొనేవాళ్ల దగ్గరికే కాకుండా, కొంటారో లేదో తెలియని ఇంటికి కూడా తీసుకెళ్లండి. వద్దంటే "సరే అండీ, పర్లేదు" అని మామూలుగా మాట్లాడి, ఇచ్చిన టీ తాగి, నవ్వుతూ వచ్చేయండి. బయటికొచ్చాక ఆ ఇంటివాళ్ల గురించి ఒక్క మాట కూడా చెడుగా అనకండి, "నెగెటివ్ మనుషులు" అని అస్సలు అనొద్దు. ఆ పూట మీ ముఖంలో చూసిందే కొత్తవాళ్లకు చివరిదాకా గుర్తుంటుంది.

మీ నోట రాకూడని మాటలు కొన్ని ఉన్నాయి, ఎందుకంటే మీరు ఒకసారి అంటే వాళ్లు పదిసార్లు అంటారు. ఈ పౌడర్ షుగర్ తగ్గిస్తుందని అనకండి, స్టేటస్‌లో పెట్టకండి. షుగర్ లాంటి జబ్బులు నయమవుతాయని ప్రచారం చేయడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. పైగా ఆ మాట నమ్మి ఎవరైనా మాత్రలు ఆపేస్తే ఆ పాపం ఎవరిది? "నలుగురిని చేర్పిస్తే మీ డబ్బు మీకు వచ్చేస్తుంది" అని చెప్పి అమ్మడం కూడా 2021 రూల్స్‌కి విరుద్ధం. మనుషుల్ని చేర్చినందుకే డబ్బులొచ్చే పద్ధతి అయితే అది 1978 చట్టం నిషేధించిన మనీ సర్క్యులేషన్ కిందికే వస్తుంది. మీ కంపెనీ అలాంటిదైతే ట్రైనింగ్ ఇవ్వడం కాదు, మీరే బయటికి రండి.

డబ్బు విషయంలో మీ నోట్‌బుక్ తెరిచి చూపించండి. ఏ నెల ఎంత వచ్చింది, పెట్రోలుకి, శాంపిళ్లకి, మీ సొంత వాడకానికి ఎంత పోయింది, చివరికి చేతిలో ఎంత మిగిలింది, అంతా. కమిషన్ చెక్కు ఫొటో ఒక్కటే చూపించి ఖర్చులు దాచడం మోసమే. నెలాఖరులో అమ్మకాలకు కంపెనీ ఇచ్చే పాయింట్లు తగ్గాయని సొంత డబ్బుతో సరుకు కొని కంపెనీలో మీ ర్యాంక్ నిలబెట్టుకునే అలవాటు మీకుంటే ఈ నెలే మానేయండి. మీరు మంచం కింద అట్టపెట్టెలు పేర్చుకుంటే వాళ్లు అప్పు చేసి మరీ పేర్చుకుంటారు.

రెండో వారం సగం మాటలు వాళ్లకు వదలండి, మూడో వారం మొత్తం వాళ్లే మాట్లాడాలి, మీరు పక్కన కూర్చోండి చాలు. ధర తప్పు చెబితే తప్ప మధ్యలో అందుకోకండి, ఇది చాలా కష్టమే. తిరిగి వచ్చేటప్పుడు బండి మీదే "నీకెలా అనిపించింది?" అని ముందు వాళ్లనే అడగండి, ఆ తర్వాత మార్చుకోవాల్సింది ఒక్కటంటే ఒక్కటే చెప్పండి. మిగతావి వచ్చే వారం వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.