మిద్దె మీద స్ట్రాబెర్రీ వేసే ముందు

దసరా దాటితే నర్సరీల్లో స్ట్రాబెర్రీ కుండీలు దిగుతాయి. ఎర్రటి కాయలు వేలాడుతుంటే చెయ్యి ఊరుకోదు. కొనే ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లో ఈ మొక్కకు దొరికే చల్లని కాలం అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా, అంతే. నవంబర్‌లో దెబ్బతిన్న మొక్క కోలుకునేసరికి ఎండలు వచ్చేస్తాయి.

తొందరపడి నాటకండి. మహాబలేశ్వర్‌లో సెప్టెంబర్‌లోనే నాటేస్తారు, అక్కడి చలి వేరు. మన దగ్గర లంబసింగిలో పండుతోందంటే అది కొండ మీది ఊరు కాబట్టి. మైదానంలో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందికి దిగడం మొదలయ్యాకే కుండీలో పెట్టాలి. విజయవాడ, విశాఖ వైపు వాళ్లు తుపాన్ల భయం తగ్గేదాకా, అంటే నవంబర్ రెండో సగం దాకా ఆగడం మేలు. అక్కడ కాపు కాస్త తక్కువే ఉంటుంది, ముందే మనసుకు చెప్పుకోండి.

విత్తనాల జోలికి పోవద్దు. ఆన్‌లైన్‌లో నీలం స్ట్రాబెర్రీ విత్తనాలంటూ అమ్ముతారు, అలాంటి పండే లేదు. అసలైన విత్తనమే దొరికినా మొలవడానికి వారాలు పడుతుంది, తల్లి మొక్క గుణం రాదు, ఈలోపు మన చలికాలం అయిపోతుంది. మొక్కలే తెచ్చుకోండి. వింటర్ డాన్, స్వీట్ చార్లీ ఫ్లోరిడాలో తయారైన రకాలు. త్వరగా కాపుకొస్తాయి కాబట్టి పొట్టి చలికాలానికి సరిపోతాయి. కొనేటప్పుడు ఆకుల్ని తిరగేసి చూడండి. కింది వైపు సన్నటి బూజుగూడులా ఉంటే ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) ఉన్నట్టే, ఆ కుండీ అక్కడే వదిలేయండి. బాగున్న మొక్కనైనా పది రోజులు మిగతా కుండీలకు దూరంగా పెట్టండి. దాని మీద అప్పటికే ఉన్న కాయలు పిల్లలకు ఇవ్వకండి, నర్సరీలో ఏ మందు కొట్టారో మనకు తెలియదు.

ఇక నీళ్లు. నా లెక్కలో మిద్దె మీద స్ట్రాబెర్రీలు పోయేది చీడపీడల వల్ల కంటే నీళ్ల వల్లే ఎక్కువ. ఉప్పును ఏమాత్రం ఓర్చుకోలేని పంటల్లో ఇదొకటి. మన బోరు నీళ్లేమో బకెట్ అడుగున తెల్లగా పేరుకునే రకం. ముందు ఆకుల అంచులు గోధుమరంగులో మాడతాయి. దాహమేసిందేమోనని ఇంకో చెంబు పోస్తాం, ఆ చెంబుతో ఇంకాస్త ఉప్పు చేరుతుంది. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి ఒకసారి కొలవండి. మీటర్‌లో అంకె 400 లోపు ఉంటే నిశ్చింత. 800 దాటితే ఆ నీళ్లతో ఈ పంట పెట్టుకోవద్దు, కుళాయికి వచ్చే మంజీరా నీళ్లో, సెప్టెంబర్ వానలకు డ్రమ్ములో పట్టిన నీళ్లో వాడండి (డ్రమ్ముకు మూత తప్పనిసరి, లేకపోతే దోమలు). ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకు పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. శుద్ధి చేసినప్పుడు విడిపోయిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. స్ట్రాబెర్రీకి మాత్రం పోయకండి. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) కూడా ఉప్పుంటుంది, రెండు మూడు సార్లు మంచినీళ్లలో కడిగి పిండాకే మట్టిలో కలపాలి.

మట్టి మిశ్రమం తేలిగ్గా ఉండి నీరు జారిపోవాలి. పచ్చి పేడ వద్దు, బాగా మాగిన ఎరువు లేదా వర్మీకంపోస్ట్, ఒక గుప్పెడు వేపపిండి చాలు. కిందటిసారి టమాటా, వంగ, మిర్చి వేసిన మట్టిని వాడకండి, వేళ్లకు పట్టే తెగుళ్లు వాటికీ దీనికీ చాలావరకు ఒకటే. వేళ్లు లోతుకు పోవు కాబట్టి ఎనిమిది అంగుళాల లోతున్న కుండీ సరిపోతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య అడుగు దూరం ఉంచండి.

నాటేటప్పుడు చూడాల్సింది క్రౌన్. ఆకులు, వేళ్లు కలిసే చోట ఉండే పొట్టి కాండం అది. అక్కడి నుంచే కొత్త ఆకులు, పూలు వస్తాయి. మట్టిలో పూడితే కుళ్లుతుంది, మరీ పైకి తేలితే వేళ్లు ఎండిపోతాయి. క్రౌన్ సగభాగం మట్టి మట్టానికి పైన ఉండాలి. నాటి నీళ్లు పోశాక మట్టి కుంగుతుంది, మర్నాడు మళ్లీ చూసి సరిచేయండి. నాటిన మొదటి రెండు వారాల్లో వచ్చే పూలను గిల్లేయండి, బాధగా ఉన్నా సరే. సాగే తీగలనూ కత్తిరించేయాలి, లేకపోతే బలమంతా వాటికే పోతుంది.

మట్టి మీద శుభ్రమైన వరిగడ్డి పరిస్తే కాయ మట్టికి తగలదు, బూజు తగ్గుతుంది. నీళ్లు పొద్దున్నే, ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లో పోయాలి. సాయంత్రం ఆకులు తడిస్తే రాత్రి మంచుతో కలిసి కాయలకు బూడిదరంగు బూజు పడుతుంది. అలాంటి కాయ కనిపిస్తే తీసి చెత్తలో వేయండి, కంపోస్ట్ డబ్బాలో కాదు.

కాయ ఎరుపెక్కేలోపే వల సిద్ధంగా ఉండాలి, పిగిలిపిట్టలు, ఉడతలు మనకంటే ముందే లేస్తాయి. వల కన్ను తేనెటీగ దూరేంత ఉండాలి. పుప్పొడి సరిగా అందని పువ్వు వంకర కాయ ఇస్తుంది. వదులుగా వేలాడే వలలో పిట్టలు చిక్కుకుంటాయి, బిగించి కట్టండి. పూత ఉన్నప్పుడు వేపనూనె కొట్టాల్సి వస్తే తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం పొద్దుగూకేలోపు ఆకు ఆరేలా కొట్టండి. రసాయన మందులు అసలు వద్దు, తొక్క తీసి తినే పండు కాదిది.

పూసిన నెల రోజులకు కాయ పండుతుంది. మొత్తం ఎర్రబడ్డాకే కోయాలి, కోశాక తీపి పెరగదు.

ఫిబ్రవరి చివర్లో ఎర్రనల్లి విజృంభిస్తుంది, మార్చిలో మిద్దె కాలుతుంది. ఒకటి రెండు మొక్కల్ని నీడలో కాపాడుకోవాలనుకుంటే మీ ఇష్టం, నేనైతే తీసేస్తాను. ఆ మట్టిలో మళ్లీ స్ట్రాబెర్రీ గానీ టమాటా గానీ వేయకుండా పాలకూర వేసుకోండి, మిగిలిన ఉప్పును అది బాగానే తట్టుకుంటుంది.