బండి జారి మోకాలు దోక్కుపోతే ఏం చేయాలి, ఏం చేయకూడదు

వానాకాలంలో హైదరాబాద్ రోడ్ల మలుపుల్లో పేరుకునే ఇసుక మీద బండి జారితే ముందు పోయేది మోకాలి పైపొరే. ఆ పొరలో అధికభాగం కెరటినోసైట్లనే ఎపిథీలియల్ (ఒంటి పైపొరల్ని కట్టే) కణాలు. దెబ్బ తగలగానే ఇవి తమలో దాచుకున్న ఐఎల్-1 అనే ప్రొటీన్‌ను వదిలి తెల్ల రక్తకణాలను రప్పిస్తాయి. క్రిముల్ని చంపే డిఫెన్సిన్లు, ఎల్ఎల్-37 అనే చిన్న ప్రొటీన్లను తయారుచేస్తాయి. ఒకరోజు గడిచేసరికి అంచుల నుంచి పాకుతూ గాయాన్ని కప్పడం మొదలుపెడతాయి. పాకడానికి వాటికి తడి కావాలి. మనం చేయాల్సిందల్లా ఆ తడి ఆరకుండా చూడటం.

చేతులు సబ్బుతో కడుక్కుని, గాయాన్ని కుళాయి ధార కింద 5–10 నిమిషాలు ఉంచండి. మంట పుడుతుందని ఇక్కడ తొందరపడొద్దు. ఇసుక లోపల మిగిలితే చీము పట్టొచ్చు, పైన చర్మం మూసుకున్నాక పచ్చబొట్టులా నల్లమచ్చ ఉండిపోవచ్చు. మిగిలిన రేణువుల్ని స్పిరిట్‌తో తుడిచిన ట్వీజర్‌తో తీయండి. స్పిరిట్ ట్వీజర్‌కే, గాయానికి కాదు. అదీ, బుసబుసా నురగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడూ క్రిములతో పాటు కొత్త కణాల్నీ చంపుతాయి. పసుపు, కాఫీపొడి అద్దితే మళ్లీ కడుక్కోవాల్సిన చెత్త తప్ప ఒరిగేదేమీ లేదు.

తర్వాత వ్యాజిలిన్ పలుచగా రాసి, అంటుకోని డ్రెస్సింగ్ వేసి రోజుకోసారి మార్చండి. దూది పెడితే పోగులు అతుక్కుని కొత్త పొర ఊడొస్తుంది. డ్రెస్సింగ్ అతుక్కుంటే లాగకుండా నీళ్లతో నాననివ్వండి. "గాలి తగలనీ, పెచ్చు కడుతుంది" అంటారు పెద్దలు. పెచ్చు కడితే కణాలు ఆ ఎండిన భాగం కింద నుంచి దారి చేసుకోవాలి. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందులపై చేసిన ప్రయోగంలో తడి ఆరనివ్వని గాయాలు దాదాపు రెట్టింపు వేగంగా మూసుకున్నాయి.

నాలుగైదు రోజులకు గాయం నడుమ లేత గులాబీ చుక్కలు కనిపించొచ్చు. వెంట్రుకల కుదుళ్ల నుంచి పైకొస్తున్న కణాలవి, రుద్దకండి. పలుచటి పసుప్పచ్చ పొర చాలాసార్లు ఫైబ్రినే (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీన్), చీము కాదు. ఎరుపు చుట్టూ పాకుతున్నా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాసనొచ్చినా, జ్వరమొచ్చినా డాక్టరుకు చూపించాలి. షుగరున్నవాళ్లు, ముఖ్యంగా కాలి గాయమైతే, మొదటిరోజే వెళ్లాలి.

మట్టి గాయమై, టెటనస్ సూది వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. కుక్క గోరు గీరితే లెక్క వేరు: సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకు హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు వెళ్లొచ్చు.

గాయం పూర్తిగా మూసుకున్నాక కొన్ని నెలలు సన్‌స్క్రీన్ రాయండి, లేకపోతే ఎండకు కొత్త చర్మం నల్లబడుతుంది.